నేరాన్ని ఓటుకు పెట్టే నాటకం

ఈ మధ్య మన సాంస్కృతిక బృందాల్లో ఒక ఆలోచన తిరుగుతోంది. వేదిక మీద కోర్టు పెట్టాలి. సాక్షుల్ని బోనెక్కించాలి, లాయర్లు వాదించాలి. తీర్పు చెప్పే ఘట్టం రాగానే నాటకం ఆపి, ఎదురుగా కూర్చున్న జనాన్నే జ్యూరీ చేసి, ముద్దాయిలు దోషులా కాదా అని చేతులెత్తించాలి. కొందరు దీనికి వస్తువును కూడా ఎంచుకున్నారు. చుండూరు. హైకోర్టులో దక్కని తీర్పు ప్రజల దగ్గర దక్కుతుందని వాళ్ళ వాదన. ఈ కోరిక ఏ బాధలోంచి పుట్టిందో నాకు తెలుసు. ఆ బాధను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయినా ఈ నాటక రూపాన్ని మనం ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఈ రూపం ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఈ తరహాలో బాగా పేరుపడిన పాత నాటకం అయిన్ రాండ్ రాసిన 'నైట్ ఆఫ్ జనవరి సిక్స్‌టీన్త్'. 1935లో న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేలో ఆడింది. కరెన్ ఆండ్రే అనే స్త్రీ తన యజమానీ ప్రియుడూ అయిన ఫాక్‌నర్ అనే పెద్ద వ్యాపారిని చంపిందా లేదా అన్నది కేసు. ప్రేక్షకుల్లోంచి 12 మందిని పిలిచి జ్యూరీ కుర్చీల్లో కూర్చోబెడతారు. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి, రాసి పెట్టుకున్న రెండు ముగింపుల్లో ఒకటి ఆడతారు. రాండ్ తన ఉద్దేశాన్ని దాచుకోలేదు. సాక్ష్యాలను రెండు వైపులా సమంగా తూచి పెట్టింది. తీర్పు ముద్దాయి గురించి కాకుండా, తీర్పు చెప్పేవాళ్ళ విలువల గురించి చెప్పాలన్నది ఆమె లెక్క. స్వార్థాన్ని సుగుణమని తర్వాతి కాలంలో పుస్తకం వేసి మరీ బోధించిన రచయిత్రికి ఇది తగిన ఎత్తుగడే. ఇందులో ముద్దాయి ఒక అద్దం మాత్రమే. నిజంగా ఏం జరిగిందన్న ప్రశ్న రచయిత్రికే అక్కర్లేదు.

లండన్‌లో 2017 నుంచి పాత కౌంటీ హాలు భవనంలో ఆడుతున్న అగాథా క్రిస్టీ నాటకం 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్'కు జ్యూరీ పెట్టెలో సీట్లు విడిగా అమ్ముతారు. అది వినోదం. వినోదంగా వదిలేయవచ్చు. వదిలేయడానికి వీల్లేనిది జర్మన్ రచయిత ఫెర్డినాండ్ ఫాన్ షీరాహ్ రాసిన 'టెర్రర్'. ఆయన స్వయంగా క్రిమినల్ లాయరు. ఈ నాటకం 2015 అక్టోబరు 3న బెర్లిన్‌లోనూ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ ఒకేసారి మొదలై, తర్వాత చాలా దేశాల్లో ఆడింది. మన యువకులు చూపిస్తున్న నమూనా కూడా దీనికి దగ్గరగానే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా మాట్లాడుకుందాం.

కథ ఇది. 164 మందితో బెర్లిన్ నుంచి మ్యూనిక్ వెళ్తున్న విమానాన్ని ఒక ఉగ్రవాది హైజాక్ చేశాడు. 70 వేల మంది ఫుట్‌బాల్ చూస్తున్న స్టేడియం మీద దాన్ని కూల్చబోతున్నాడు. వెంట వెళ్ళిన యుద్ధ విమానం పైలట్, మేజర్ లార్స్ కోఖ్, పై నుంచి అనుమతి లేకపోయినా ఆ విమానాన్ని పేల్చేశాడు. లోపలున్న 164 మందీ చనిపోయారు. స్టేడియం మిగిలింది. ఇప్పుడు కోఖ్ మీద హత్య కేసు. జర్మనీలో అమెరికా తరహా జ్యూరీ లేదు. పెద్ద కేసుల్లో జడ్జీల పక్కన మామూలు పౌరులు కొందరు న్యాయసభ్యులుగా కూర్చుంటారు. నాటకం మొదట్లోనే జడ్జి ప్రేక్షకుల వైపు తిరిగి, ఆ సభ్యులు మీరేనంటాడు. వాదనలయ్యాక విరామం ఇస్తారు. చాలాచోట్ల హాలుకు రెండు తలుపులుంటాయి. ఒకదాని మీద దోషి, రెండోదాని మీద నిర్దోషి. ఎవరు ఏ తలుపులోంచి లోపలికి వచ్చారో లెక్కపెట్టి, దానికి సరిపోయే తీర్పును జడ్జి చదువుతాడు.

ఈ నాటకానికి వెనక ఒక నిజమైన కేసుంది. ఇలాంటి సందర్భంలో ప్రయాణికుల విమానాన్ని కూల్చడానికి సైన్యానికి అధికారమిచ్చే చట్టాన్ని జర్మనీ చేసుకుంది. 2006 ఫిబ్రవరి 15న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. నేరం చేయని మనుషుల్ని ఇంకొకర్ని కాపాడే సాధనంగా వాడుకోవడమంటే వాళ్ళను వస్తువులుగా చూడటమే, మనిషి గౌరవాన్ని రాజ్యం అలా లెక్కవేసి బేరం పెట్టకూడదు అన్నది ఆ తీర్పు సారాంశం. మన రాజ్యాంగ పీఠికలో 'వ్యక్తి గౌరవం' అన్న మాట ఎందుకుందో తెలిసిన పాఠకులకు దీన్ని వేరే వివరించక్కర్లేదు.

జర్మన్ ప్రేక్షకులు ఏం చేశారు? 2016 అక్టోబరు 17న ఈ నాటకాన్ని సినిమాగా తీసి టీవీలో వేసి, దేశమంతటినీ ఓటు అడిగారు. దాదాపు 87 శాతం మంది నిర్దోషి అన్నారు. వాళ్ళను దుర్మార్గులని నేననను. నాటకం మొదలైన ఆరు వారాలకే పారిస్‌లో దాడులు జరిగాయి. బాంబులు పేలిన చోట్లలో ఒకటి, జర్మనీ జట్టు ఆడుతున్న ఫుట్‌బాల్ స్టేడియం బయటే. ఆ భయంతో కూర్చున్నవాళ్ళను మీరైతే ఏం చేస్తారని అడిగితే ఏం చెబుతారు? రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నో రోజులు ఆలోచించి చెప్పినదాన్ని, రాత్రి భోజనం చేసి టీవీ ముందు కూర్చున్న జనం తలకిందులు చేశారు. మరుసటి రోజు పత్రికల్లో శీర్షిక అయింది ఆ శాతమే, వాదన కాదు.

విమర్శ జర్మనీలోనే గట్టిగా వచ్చింది. అక్కడి ఫెడరల్ కోర్టులో జడ్జిగా ఉన్న థామస్ ఫిషర్ ఈ నాటకం న్యాయశాస్త్రాన్ని వక్రీకరించిందని రాశారు. 2006 కేసు వేసినవాళ్ళలో ఒకరైన మాజీ హోంమంత్రి గెర్హార్ట్ బౌమ్ కూడా దీన్ని తప్పుపట్టారు. లా చదువుకున్న నాకు ఆ ఆక్షేపణలో పస కనిపిస్తుంది. ఒక పని చట్టవిరుద్ధమేనని ప్రకటిస్తూనే, అది చేసిన మనిషి ఎంత ఇరకాటంలో పడ్డాడో చూసి అతన్ని నిందించకుండా వదిలే దారి నేర న్యాయశాస్త్రంలో ఉంది. 'నువ్వు చేసింది తప్పు, కానీ నిన్ను శిక్షించం' అనడం, 'నువ్వు చేసింది ఒప్పు' అనడం ఒకటి కాదు. మొదటిదానితో చనిపోయిన 164 మంది గౌరవం నిలుస్తుంది. రెండోదానితో వాళ్ళు లెక్కలో కొట్టేసిన అంకె అవుతారు. ఈ మూడో దారికి హాల్లో తలుపు పెట్టలేదు.

నాటకంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన చోటు ప్రాసిక్యూటర్ ఒక మామూలు ప్రశ్న వేసే ఘట్టం. స్టేడియాన్ని ఎందుకు ఖాళీ చేయించలేదు? సమయం ఉంది కదా. ఎవరూ ఆ ఆజ్ఞ ఎందుకివ్వలేదు? అధికారులంతా, పైలట్ ఎలాగూ కాలుస్తాడులే అనుకుని ఊరుకున్నారా? ఆ ప్రశ్నతో కేసు పైలట్ మనస్సాక్షి నుంచి యంత్రాంగం బాధ్యతకు మళ్ళుతుంది. అసలు నాటకం అక్కడ మొదలుకావాలి. కానీ ఓటు దానికి అడ్డం పడుతుంది. ప్రేక్షకుడి చేతిలో ఉన్న కాగితం మీద ఒక్క మనిషి పేరే ఉంది. ఖాళీ చేయించని అధికారుల గురించి అతన్ని ఎవరూ అడగలేదు. ఓటు పెట్టడమంటే ప్రజలకు అధికారమివ్వడమని అనుకుంటాం. ప్రశ్నను ఎంత ఇరుకు చేసి ఇచ్చారో గమనించం.

ఇంకో సంగతి. తీర్పుకు కారణాలు ఎవరు రాశారు? రచయిత ముందే రెండు తీర్పులూ రాసిపెట్టాడు. ప్రేక్షకుడు కారణం చెప్పడు, ఎవరితోనూ చర్చించడు, తలుపు ఎంచుకుంటాడంతే. 2024 దాకా అమల్లో ఉన్న మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 354వ సెక్షన్ తీర్పులో ఏమేం ఉండాలో చెప్పేది. తేల్చాల్సిన అంశాలు, వాటి మీద నిర్ణయం, ఆ నిర్ణయానికి కారణాలు. కారణం రాసిన తీర్పును పై కోర్టులో ఎదిరించవచ్చు, తప్పుపట్టవచ్చు. కారణం లేని ఓటును ఏ కోర్టులో ఎదిరిస్తాం?

ఇక్కడ మన సొంత ఇంట్లో ఉన్నదాన్ని చూసుకోవాలి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ మాట్లాడుతూ, ప్రజాస్వామ్య పద్ధతులు ఈ దేశానికి కొత్త కాదనీ, భిక్షు సంఘాల్లో తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు అన్నీ ఉండేవనీ గుర్తుచేశారు. ఆ మాటను మన సభల్లో తరచుగా ఉదాహరిస్తాం. అయితే వినయ పిటకంలోని చుల్లవగ్గం తెరిచి, సంఘం దేన్ని ఓటుకు పెట్టేదో, దేన్ని పెట్టేది కాదో చూసేవాళ్ళు తక్కువ.

సంఘం ముందుకు వచ్చే వ్యవహారాలను చుల్లవగ్గం నాలుగు రకాలు చేసింది. ధమ్మం ఏది, వినయం ఏది అన్న అభిప్రాయభేదం వివాదాధికరణం. ఒక భిక్షువు మీద మరొకరు మోపిన నింద అనువాదాధికరణం (పాళీలో అనువాదమంటే మనం ఇవాళ అనుకునే తర్జుమా కాదు, నింద మోపడం). చేసిన దోషానికి సంబంధించింది ఆపత్తాధికరణం. సంఘం జరపాల్సిన పనులకు సంబంధించింది కిచ్చాధికరణం. వీటిని పరిష్కరించడానికి ఏడు పద్ధతులున్నాయి. శలాకలు, అంటే పుల్లలు పంచి, ఎక్కువమంది ఎటుంటే అటు తేల్చడం అందులో ఒకటి. దాని పేరు యేభుయ్యసిక. అది దేనికి వర్తిస్తుంది? మొదటి రకానికి మాత్రమే. అభిప్రాయభేదానికి. ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్న రెండో రకానికి ఆ పద్ధతిని ఇవ్వలేదు. నిందను తేల్చడానికి ఇచ్చిన పద్ధతులు వేరు. అన్నిటికీ ముందుండాల్సింది సమ్ముఖావినయం. నింద మోపినవాడూ పడినవాడూ ఎదురెదురుగా ఉండాలి, సంఘం ఉండాలి, ధమ్మం ఉండాలి, వినయం ఉండాలి. వెనకాల తీర్పు లేదు.

దబ్బ మల్లపుత్తుడి ఉదంతం దీనికి మంచి ఉదాహరణ. రాజగృహంలో భిక్షువులకు బసలూ భోజనాలూ కేటాయించే పని ఆయనది. నాసిరకం భోజనం వచ్చిందని మెత్తియ భుమ్మజకుల బృందం ఆయన మీద కక్ష పెంచుకుని, ఒక భిక్షుణి చేత ఘోరమైన నింద వేయించింది. బుద్ధుడు చేతులెత్తండి అనలేదు. దబ్బుణ్ణి సంఘం ముందు నేరుగా అడిగాడు, ఇలాంటిది చేసినట్టు నీకు జ్ఞాపకం ఉందా అని. దబ్బుడు స్పష్టంగా జవాబిచ్చాడు. తర్వాత ఆ నిందను పుట్టించినవాళ్ళను విచారించమన్నాడు. వాళ్ళు కట్టుకథ అని ఒప్పుకున్నారు. అప్పుడు సంఘం ఒక తీర్మానం పెట్టి మూడుసార్లు ప్రకటించి, ఒప్పుకునేవారు మౌనంగా ఉండండి, కాదనేవారు మాట్లాడండి అని అడిగి, ఆయన్ను నిర్దోషిగా ప్రకటించింది. కాదనేవాడు ఒక్కడున్నా నోరు తెరిచి కారణం చెప్పే చోటు అందులో ఉంది. తలకాయలు లెక్కపెట్టడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

శలాకలు పంచే భిక్షువుకు కూడా అర్హతలు పెట్టారు. ఛందం, దోసం, భయం, మోహం అనే నాలుగింటికి లోబడనివాడై ఉండాలి. ఇష్టం, ద్వేషం, భయం, అజ్ఞానం. ఓటు వేయించేవాడికే ఇన్ని అర్హతలు. ధమ్మానికి విరుద్ధంగా మాట్లాడేవాళ్ళు ఎక్కువ ఉన్నట్టు తెలిస్తే, శలాకలు సరిగా పడలేదని చెప్పి వెనక్కి తీసుకోవచ్చన్న నియమం కూడా ఉంది. ఇవాళ్టి ఎన్నికలకు దీన్ని వర్తింపజేస్తే ప్రమాదమే, ఆ నియమం దగ్గర నేను కూడా కాసేపు ఆగిపోతాను. కానీ దాని వెనకున్న ఎరుక మాత్రం మనకు పనికొచ్చేదే. ఎక్కువమంది చెప్పారు కాబట్టి అది సత్యమైపోదని ఆ సంఘానికి తెలుసు.

నిజ జీవితంలో జ్యూరీలు ఏం చేశాయో కూడా చూద్దాం. 1955 ఆగస్టులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ నల్లజాతి పిల్లవాణ్ణి ఇద్దరు తెల్లవాళ్ళు చంపారు. ఆ జిల్లాలో నల్లవాళ్ళ జనాభాయే ఎక్కువ. కానీ వాళ్ళను ఓటర్లుగా నమోదు కానివ్వలేదు. ఓటరు జాబితాలో లేనివాడు జ్యూరీలో ఉండడు. 12 మంది తెల్ల మగవాళ్ళ జ్యూరీ 67 నిమిషాల్లో ముద్దాయిలను వదిలేసింది. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ ఒక పత్రికకు డబ్బు తీసుకుని, అవును మేమే చంపామని చెప్పారు. మన దేశంలో 1959 నాటి నానావతి కేసు అందరికీ తెలిసిందే. నౌకాదళ కమాండర్ తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపాడు. ఒక వారపత్రిక అతన్ని వీరుణ్ణి చేసింది. బొంబాయిలో జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి దాన్ని ఒప్పుకోక హైకోర్టుకు నివేదించారు. హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. జ్యూరీ పద్ధతి మన క్రిమినల్ కోర్టుల్లోంచి పోయిందంటే అందుకు ఇలాంటి అనుభవాలు కూడా కారణమే. పోయినందుకు నాకు విచారం లేదు. మన ఊళ్ళలో జ్యూరీ అంటే ఎవరు? రచ్చబండ మీద కూర్చునేవాళ్ళు. ఖైర్లాంజీలో భోట్‌మాంగే కుటుంబాన్ని 2006లో చంపిన కేసుకు ఆ ఊరి నుంచే జ్యూరీని తీస్తే ఏమయ్యేదో ఊహించుకోండి. గ్రామాన్ని గణతంత్రమని పొగిడేవాళ్ళను బాబాసాహెబ్ 1948 నవంబరు 4నే రాజ్యాంగ సభలో ఎందుకంత తీవ్రంగా ఎదిరించారో అప్పుడు అర్థమవుతుంది. అదే ప్రసంగంలో ఆయన రాజ్యాంగ నైతికత గురించి కూడా చెప్పారు. అది పుట్టుకతో వచ్చేది కాదు, అలవాటు చేసుకోవాల్సింది.

మా ప్రేక్షకులు మనవాళ్ళే కదా, వాళ్ళు తప్పు తీర్పు ఎందుకిస్తారు అని మన యువకులు అడగవచ్చు. సరే. చుండూరు నాటకం పేటలో వేశారు, అందరూ దోషులే అని చేతులెత్తారు. అదే నాటకం ఊళ్ళో వేస్తే? అక్కడా చేతులు లేస్తాయి, నిర్దోషులని. రెండు వీధులు, రెండు తీర్పులు. ఆ రెండిట్లో దేనికీ సాక్ష్యంతో పనిలేదు. నాటకం చూడకముందే అక్కడి జనానికి తెలిసినదాన్నే నాటకం మళ్ళీ చెప్పించింది. పైగా ఎదుటివాళ్ళకు ఒక ఆయుధం ఇచ్చినట్టవుతుంది. మీ తీర్పు మీ ఓటు, మా తీర్పు మా ఓటు, ఇక సత్యమెక్కడిది అంటారు. ఎనిమిది మందిని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేసిన సంగతి అభిప్రాయభేదం కాదు. దాన్ని వివాదాధికరణంగా మార్చి శలాకలు పంచితే నష్టపోయేది మనమే.

జనం చేత తీర్పు చెప్పించడం ఎంత దూరం పోగలదో మన తెలుగు నేలే చూసింది. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువ డాక్టరు మీద జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా కదిలింది. కదలాల్సిందే. డిసెంబరు 6న, సరిగ్గా బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన, నలుగురు నిందితులను చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. టీవీలు సంబరం చేసుకున్నాయి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన కథను నమ్మలేదు. కావాలనే కాల్చారని తేల్చి, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలంది. ఆ పూలు చల్లిన రోజున ప్రేక్షకులే జ్యూరీ. సాక్షి లేడు, సమ్ముఖం లేదు, కారణం లేదు. చనిపోయిన ఆ అమ్మాయికి కోర్టులో దక్కాల్సిన విచారణ కూడా దక్కకుండా పోయింది.

అందుకని కోర్టును వేదిక ఎక్కించవద్దని నేను అనడం లేదు. ఎక్కించాలి. ఎలా అన్నదే ప్రశ్న. విజయ్ టెండూల్కర్ మరాఠీ నాటకం 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే' 1967లో రంగస్థలం ఎక్కింది. ఒక నాటక బృందం కాలక్షేపానికి ఉత్తుత్తి కోర్టు పెట్టుకుంటుంది. తమలోనే ఒకరైన బేణారే అనే టీచరమ్మను సరదాగా ముద్దాయిని చేస్తుంది. చూస్తుండగానే సరదా పోయి, ఆమె సొంత జీవితాన్నంతా బోనులోకి లాగి చీల్చేస్తారు. టెండూల్కర్ ప్రేక్షకుడికి ఓటివ్వడు. మంచిపని చేశాడు. ఓటిస్తే ఆ ఉత్తుత్తి కోర్టులో ప్రేక్షకుడు కూడా ఒక సభ్యుడయ్యేవాడు. ఇవ్వలేదు కాబట్టి, పదిమంది కలిసి ఒకర్ని వెంటాడటం ఎలా ఉంటుందో అతను చూడక తప్పదు.

చైతన్య తామ్హణే తీసిన 'కోర్ట్' సినిమా (2014) ఇంకో దారి. నారాయణ్ కాంబ్లే అనే దళిత ప్రజాగాయకుడి పాట విని ఒక మ్యాన్‌హోల్ కార్మికుడు ఆత్మహత్య చేసుకున్నాడని కేసు. ఆ కోర్టులో ఉరుములూ మెరుపులూ ఉండవు. వాయిదా, మళ్ళీ వాయిదా, చదివి వినిపించే పాత చట్టాలు, దొరకని సాక్షి. మన తెలుగు కోర్టు సినిమాల్లో బల్ల గుద్దే లాయర్లకు అలవాటుపడ్డ కళ్ళకు అది నీరసంగా ఉండొచ్చు. కింది కోర్టుల్లో మనవాళ్ళ వెంట నిలబడినవాళ్ళకు మాత్రం ప్రతి ఫ్రేమూ తెలిసిందే. అన్యాయం అక్కడ అరుపులా ఉండదు, వాయిదా కాగితంలా ఉంటుంది.

ప్రేక్షకుడు ఊరికే కూర్చోకూడదు, పాల్గొనాలి అన్న పట్టుదల ఉంటే దానికీ దారి ఉంది. బ్రెజిల్ నాటకకారుడు అగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్‌ను బెంగాల్ గ్రామాల్లో జనసంస్కృతి బృందం 1985 నుంచి పనిచేస్తూ పాతుకునేలా చేసింది. అణచివేత జరిగే ఘట్టం దగ్గర నాటకం ఆపుతారు. దోషి ఎవరని అడగరు. ఇక్కడ వేరేగా ఏం చేయొచ్చో పైకి వచ్చి చేసి చూపించండి అంటారు. ప్రేక్షకుడు లేచి ఆ పాత్రలోకి వెళ్తాడు. అతను చేసినది పనిచేస్తుందో లేదో ఎదుటి పాత్రలు అక్కడికక్కడే తేల్చేస్తాయి. కారణం లేకుండా చేయి ఎత్తి కూర్చోవడానికి వీల్లేదు. ఒక తప్పుడు ఫిర్యాదు ఎలా రాయిస్తారో, స్టేషన్లో ఎఫ్ఐఆర్ తీసుకోకపోతే ఏ సెక్షన్ పేరు ఎత్తాలో, సాక్షిని బెదిరిస్తే ఎవరికి చెప్పాలో ఈ పద్ధతిలో ఒక పేటకు నేర్పవచ్చు. జ్యూరీ నాటకం అది నేర్పలేదు.

ఇక చుండూరు విషయానికొస్తే, అందులో నాటకానికి కావలసినదంతా ఓటు లేకుండానే ఉంది. 1991 ఆగస్టు 6న హత్యాకాండ. ప్రత్యేక కోర్టును మా ఊళ్ళోనే పెట్టాలని బాధితులూ, బొజ్జా తారకం లాంటివాళ్ళూ పట్టుబట్టారు. ఆ కోరిక వెనక న్యాయశాస్త్రం ఉంది. సాక్షి చెప్పేది నేరం జరిగిన నేల మీద నిలబడి చెప్పాలి, అది సమ్ముఖంగా ఉండాలి. సాధించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని చెప్పి అందర్నీ వదిలేసింది. ఒకే సాక్ష్యాన్ని రెండు కోర్టులు రెండు రకాలుగా చదివాయి. ఎక్కడ, ఏ వాక్యం దగ్గర విడిపోయాయి? ఒక సాక్షి మాటను ఒక జడ్జి ఎందుకు నమ్మారు, ఇంకొకరు ఎందుకు నమ్మలేదు? ఆలస్యమన్నది ఎవరికి లెక్క, భయంతో పొలాల్లో దాక్కున్నవాడికి ఏ లెక్క? ఈ ప్రశ్నలను పక్కపక్కన రెండు బల్లలు వేసి వేదిక మీద పెట్టండి. ఒక బల్ల దగ్గర 2007 కారణాలు, ఇంకో బల్ల దగ్గర 2014 కారణాలు చదివించండి. మధ్యలో సాక్షి నిలబడాలి. 1991 నుంచి 2007 దాకా పదహారేళ్ళు తాను చూసింది తేదీతో సహా గుర్తుపెట్టుకుని రోజూ అదే ఊళ్ళో తిరిగిన మనిషి. ఆ పాత్రకు మాటలు కొత్తగా రాయక్కర్లేదు. తీర్పులు రెండూ బహిరంగ పత్రాలే, కాపీలు దొరుకుతాయి. ముందు అవి తెప్పించుకుని చదవండి.